గెలాక్సీ నడిబొడ్డున బ్లాక్ హోల్‌ను తూచబోయే పాపకు

చిరంజీవి పాపకు,

మామయ్య ఆశీస్సులు. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కింద గెలాక్సీ నడిమధ్యలో తిరిగే వాయువును పట్టుకుని అక్కడి బ్లాక్ హోల్ ద్రవ్యరాశి కట్టే పని ఎత్తుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నెల్లూరులో ఇంట్లో కూర్చుని, లాప్‌టాప్ మీద ఇది అయ్యే పనేనా అని నీ సందేహమట. అవుతుంది. లెక్క చాలా చిన్నది. ఆ లెక్కకు లొంగే వాయువును ఎంచుకున్నావా లేదా అన్నదే పెద్ద పని. నీకున్నది ఆరు నెలలైతే నాలుగు నెలలు దానికే పెట్టు.

ముందు లెక్క చూద్దాం. దూరాన్ని పార్సెక్‌లలో (ఒక పార్సెక్ సుమారు 3.26 కాంతి సంవత్సరాలు), వేగాన్ని సెకనుకు కిలోమీటర్లలో, ద్రవ్యరాశిని సూర్యుళ్లలో తీసుకుంటే గురుత్వ స్థిరాంకం 0.0043 అవుతుంది. ఈ అంకె నోటికి రావాలి. వేగాన్ని వేగంతో గుణించి, దాన్ని కేంద్రం నుంచి ఉన్న దూరంతో గుణించి, 0.0043తో భాగిస్తే ఆ దూరం లోపల ఉన్న ద్రవ్యరాశి వస్తుంది. ఇంకో అంకె 4.85. గెలాక్సీ దూరాన్ని మెగాపార్సెక్‌లలో, అంటే పది లక్షల పార్సెక్‌ల లెక్కన, తీసుకుని 4.85తో గుణిస్తే, అక్కడ ఒక ఆర్క్‌సెకను, అంటే డిగ్రీలో 3600వ వంతు, ఎన్ని పార్సెక్‌లో తెలుస్తుంది.

కాగితం మీద ఒకసారి చేసి చూడు. 1994లో హబుల్ టెలిస్కోపుతో ఫోర్డ్, హార్మ్స్ బృందాలు ఎం87 అనే గెలాక్సీ నడుమ ఉన్న వాయు పళ్ళేన్ని చూశాయి. కేంద్రానికి 0.25 ఆర్క్‌సెకన్ల దూరంలో ఒక పక్క వాయువు మన వైపు, రెండో పక్క వాయువు అవతలికి, సెకనుకు సుమారు 500 కిలోమీటర్ల చొప్పున పోతోంది. దూరం 15 మెగాపార్సెక్‌లని వాళ్లు తీసుకున్నారు. అంటే ఆర్క్‌సెకనుకు 72.7 పార్సెక్‌లు, పావు ఆర్క్‌సెకనుకు 18.2. పళ్ళెం 42 డిగ్రీలు వాలి ఉంది కాబట్టి 500ను 42 డిగ్రీల సైన్ విలువ 0.669తో భాగించాలి, 747 వస్తుంది. 747ను 747తో గుణించి, 18.2తో గుణించి, 0.0043తో భాగించు. దాదాపు 236 కోట్ల సూర్యుళ్లు. వాళ్లు అచ్చు వేసింది 240 కోట్లు, అటూ ఇటూ 70 కోట్లు. పది నిమిషాల లెక్కతో నువ్వు ఆ పేపరు దాకా వెళ్లిపోయావు.

ఇప్పుడు అసలు సంగతి. అదే ఎం87ను 2011లో నక్షత్రాల కదలికలతో తూచితే 660 కోట్లు వచ్చింది. 2013లో హబుల్ డేటానే ఇంకా మెరుగుగా తీసుకుని, వాయువుతో మళ్లీ తూచితే 350 కోట్లు. రెండూ ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసిన పనులే, అయినా దాదాపు రెట్టింపు తేడా. 2019 ఏప్రిల్ 10న ఈవెంట్ హొరైజన్ టెలిస్కోపు వాళ్లు ఆ బ్లాక్ హోల్ నీడ బొమ్మ బయటపెట్టి 650 కోట్లు అన్నారు. నక్షత్రాల లెక్క నెగ్గింది, వాయువు లెక్క తగ్గింది. లెక్కలో తప్పు లేదు. వాయువు చక్కటి పలుచని పళ్ళెంలా, గుండ్రంగా, కేవలం గురుత్వానికి లోబడి తిరుగుతోందన్న నమ్మకంలోనే లోపం. అయానీకరణ చెందిన వేడి వాయువుకు గురుత్వం ఒక్కటే యజమాని కాదు. జెట్ తోస్తుంది, షాక్ తరంగాలు కుదుపుతాయి, కొంత లోపలికి జారుతుంది, కొంత బయటికి ఊదుకుపోతుంది. అలా చెదిరిన వాయువు ఉండవలసిన వేగం కన్నా నెమ్మదిగా చుట్టూ తిరుగుతుంది. ఆ తక్కువ వేగాన్నే నమ్మి లెక్క కడితే బ్లాక్ హోల్ తేలికైపోతుంది.

అందుకే నీకు నా మొదటి సలహా, వేడి హైడ్రోజన్ వర్ణపటంలో ఇచ్చే హెచ్-ఆల్ఫా గీతల జోలికి ఇప్పుడే పోవద్దు. చల్లటి వాయువుతో మొదలుపెట్టు. కార్బన్ మోనాక్సైడ్ అణువులు 230.538 గిగాహెర్ట్జ్ దగ్గర ఇచ్చే గీత నీకు సరిపోతుంది. కుదురుకున్న పళ్ళెంలో ఆ వాయువు వేగాల చెదురు, అంటే సగటు వేగానికి అటూ ఇటూ ఉండే తేడా, సెకనుకు పది, ఇరవై కిలోమీటర్లే. తిరుగుడు వేగం మూడు నాలుగు వందలు ఉంటే, పది, ఇరవైల చెదురు లెక్కను పెద్దగా కదిలించదు. వేడి వాయువులో కేంద్రం దగ్గర ఆ చెదురు వందల్లోకి పోతుంది. పైగా హెచ్-ఆల్ఫా గీతకు అటూ ఇటూ నైట్రోజన్ గీతలు రెండు అంటుకుని ఉంటాయి, 6548, 6583 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర. కేంద్రంలో మూడూ వెడల్పై కలిసిపోతే ఏది ఎవరిదో విడదీయడం కొత్తవాళ్లకు చాలా కష్టం.

ఈ గీత మన దేశపు టెలిస్కోపులకు అందదు. పుణె దగ్గరి ఖొడద్‌లో 45 మీటర్ల డిష్‌లు ముప్పై ఉన్నా, అవి చూసేది దాదాపు ఒకటిన్నర గిగాహెర్ట్జ్ లోపే. హాన్లేలో 2 మీటర్ల చంద్ర టెలిస్కోపు మంచిదే, కానీ గాలి కుదుపు వల్ల నేల మీది మామూలు టెలిస్కోపుకు బొమ్మ ఒక ఆర్క్‌సెకను మేర మసకబారుతుంది. నీకు కావలసింది అందులో పదో వంతు, ఐదో వంతు. అది చిలీలో అటకామా ఎడారి మీద, 5000 మీటర్ల ఎత్తున 66 యాంటెన్నాలతో ఉన్న ఆల్మా అనే రేడియో టెలిస్కోపు ఇస్తుంది. అక్కడ ఎవరు చూసిన డేటా అయినా మామూలుగా పన్నెండు నెలలు దాటితే అందరికీ ఉచితం. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో కూర్చున్నవాళ్లకూ మ్యూనిక్‌లో కూర్చున్నవాళ్లకూ అక్కడ ఒకటే వరస.

గెలాక్సీని ఎంచుకోవడానికి తొందరపడకు. బ్లాక్ హోల్ ఏలుబడి, అంటే చుట్టూ ఉన్న నక్షత్రాల కన్నా దాని గురుత్వానిదే పైచేయిగా ఉండే మేర, ఎంత దూరం అన్నది ముందు కట్టు. 0.0043ను బ్లాక్ హోల్ ద్రవ్యరాశితో గుణించి, నక్షత్రాల వేగాల చెదురు వర్గంతో భాగించాలి. ఆ చెదురు చాలా గెలాక్సీలకు హైపర్‌లెడా అనే గెలాక్సీల పట్టికలో దొరుకుతుంది. బ్లాక్ హోల్ ద్రవ్యరాశి తెలియదు కదా అంటావు. చెదురుకూ ద్రవ్యరాశికీ ఉన్న సంబంధం 2000 సంవత్సరం నుంచి తెలిసినదే, దాంతో ఉజ్జాయింపు వేసుకో. చెదురు సెకనుకు 250 కిలోమీటర్లు ఉంటే బ్లాక్ హోల్ సుమారు 80 కోట్లు, ఏలుబడి 55 పార్సెక్‌లు. అదే గెలాక్సీ 20 మెగాపార్సెక్‌ల దూరాన ఉంటే ఆ ఏలుబడి 0.57 ఆర్క్‌సెకన్లు, 60 మెగాపార్సెక్‌ల దూరాన ఉంటే 0.19. ఆల్మా బీమ్, అంటే అది విడదీసి చూడగలిగే అతి చిన్న మేర, 0.2 ఆర్క్‌సెకన్లుగా ఉన్న డేటా నీ చేతిలో ఉంటే మొదటిది పనికొస్తుంది, రెండోదాన్ని వదిలెయ్. ఏలుబడి వ్యాసార్ధంలో కనీసం రెండు బీమ్‌లు పట్టాలని నా నియమం. ఒక్క బీమ్ పడితే కూడా ద్రవ్యరాశి కట్టినవాళ్లున్నారు, కానీ అలాంటి చోట నక్షత్రాల బరువూ బ్లాక్ హోల్ బరువూ ఒకదాంట్లోకి ఒకటి కారిపోతాయి.

తర్వాత హబుల్ బొమ్మ తెరిచి చూడు. దీర్ఘవృత్తాకార గెలాక్సీలో గానీ, కటకాకార గెలాక్సీలో గానీ, నడుమ నల్లటి ధూళి పళ్ళెం గీత గీసినట్టు నున్నగా, రెండు పక్కలా సమానంగా కనిపిస్తే ఆ గెలాక్సీని పక్కన పెట్టుకో. ధూళి చిందరవందరగా, ఒక పక్కే తోకలా సాగి ఉంటే ముట్టుకోవద్దు, వాయువు ఈమధ్యే వచ్చి పడింది, ఇంకా కుదురుకోలేదు. పళ్ళెం వాలు కూడా అక్కడే చూడొచ్చు. పూజ పళ్ళేన్ని వంచి పట్టుకుంటే కోలగా కనిపిస్తుంది కదా. పొడుగు 4, వెడల్పు 3 పాళ్లుంటే, మూడు బై నాలుగు ఆ కోణానికి కొసైన్, అంటే 41 డిగ్రీలు. 30కి తక్కువ వాలు ఉన్నదాన్ని తీసుకోకు. ద్రవ్యరాశి సైన్ వర్గానికి విలోమంగా మారుతుంది కాబట్టి 42 డిగ్రీల దగ్గర 5 డిగ్రీలు తప్పితే ద్రవ్యరాశి 16 నుంచి 24 శాతం తప్పుతుంది, 20 డిగ్రీల దగ్గర అదే 5 తప్పితే 35 శాతం తగ్గనూ వచ్చు, 75 శాతం పెరగనూ వచ్చు.

మరీ నిలువుగా, అంచు మాత్రమే కనిపించేలా ఉన్నదీ చేటే. ఎన్‌జీసీ 1332 అనే గెలాక్సీ పళ్ళెం వాలు 83 డిగ్రీల పైచిలుకు. అంత వాలులో పొట్టి అక్షం ఎనిమిదో వంతుకు నొక్కుకుపోతుంది, అటు వైపు బీమ్ చాలదు. 0.3 ఆర్క్‌సెకన్ల డేటాతో అక్కడ ద్రవ్యరాశి గట్టిగా తేలలేదు. 2016లో 0.044 ఆర్క్‌సెకన్లతో మళ్లీ చూశాకే 66 కోట్లని నిలిచింది. 40కీ 70కీ మధ్య వాలు దొరికితే అదృష్టం.

గెలాక్సీ కుదిరాక, కంప్యూటర్ సంగతి. ఆల్మా ముడి డేటా దింపుకోకు, అది వందల గిగాబైట్లు ఉండొచ్చు, నీ నెట్‌కూ నీ డిస్కుకూ తగదు. సిద్ధం చేసిన ఫిట్స్ క్యూబ్ తీసుకో, అంటే ఒక్కో వేగానికి ఒక్కో బొమ్మ చొప్పున పేర్చిన ఫైలు. 500 బై 500 పిక్సెళ్లు, 120 వేగపు పొరలు ఉన్న క్యూబ్ 120 మెగాబైట్లే. అందులో నీకు కావలసిన నడిమి ముక్కను కత్తిరిస్తే నాలుగైదు మెగాబైట్లకు దిగుతుంది. మామూలు లాప్‌టాప్, పైథాన్ చాలు. సిద్ధం చేసిన క్యూబ్‌లో కంటిన్యువమ్, అంటే గీతకు చెందని, అన్ని పౌనఃపున్యాల్లోనూ పరుచుకున్న వెలుగు, తీశారో లేదో చూసుకో. కంటిన్యువమ్ బొమ్మను పారెయ్యకు, కేంద్రంలో చుక్కలా మెరిసే ఆ రేడియో మూలమే బ్లాక్ హోల్ ఎక్కడుందో నీకు చెప్పే గుర్తు. పొర వెడల్పు 10 కి.మీ./సె. ఉంటే బాగుంటుంది, 20 దాటితే కేంద్రంలో వివరం చెడుతుంది.

వేగం ఏ పద్ధతిలో రాసి ఉందో ఫైలు మొదట్లో ఉండే హెడర్‌లో తప్పకుండా చదువు. రేడియోవాళ్ల పద్ధతి ఒకటి, ఆప్టికల్ వాళ్లది ఇంకొకటి. సెకనుకు 3000 కిలోమీటర్లతో దూరమవుతున్న గెలాక్సీకి రెంటికీ తేడా 30 కిలోమీటర్లు. గెలాక్సీ వేగాన్ని ఒక పట్టికలో నుంచి, క్యూబ్‌ను ఇంకో పద్ధతిలో తీసుకుంటే మోడల్ ఎంత తిప్పినా కేంద్రం కుదరదు, ఎందుకో తెలియక వారాలు పోతాయి.

ఇప్పుడు చెప్పేదాన్ని మాత్రం నిదానంగా చదువు. మోడల్ వేసే ముందు ఒక్క బొమ్మ గియ్యి. పళ్ళెం పొడుగు అక్షం వెంట, ఒక బీమ్ వెడల్పున ఒక పట్టీ కొయ్యి. అడ్డంగా కేంద్రం నుంచి దూరం, నిలువుగా వేగం. దీన్నే స్థాన-వేగ పటం అంటారు. ఈ బొమ్మ ముందు ఒక పూట కూర్చో.

కళ్ళంలో ఎద్దుల్ని బంతి కట్టి తొక్కించడం మీ తాతగారిని అడుగు, చెబుతారు. గుంజ పక్కనున్న ఎద్దు అడుగులో అడుగు వేస్తుంది, కొసనున్న గిత్త పరుగెత్తాలి. అందరూ ఒకే తాడుకు కట్టి ఉన్నారు కాబట్టి బయటికి పోయేకొద్దీ వేగం పెరుగుతుంది. స్థాన-వేగ పటంలో ఇది కేంద్రం గుండా పోయే వాలు గీతలా కనిపిస్తుంది. బ్లాక్ హోల్ ఏలుబడిలో తంతు తిరగబడుతుంది. గుంజ పక్కనున్నది పరుగెడుతుంది, కొసనున్నది నడుస్తుంది. పది కోట్ల సూర్యుళ్ల బ్లాక్ హోల్ చుట్టూ 10 పార్సెక్‌ల దగ్గర వేగం 207 కి.మీ./సె., 40 పార్సెక్‌ల దగ్గర దానికి సగం. పటంలో కేంద్రానికి చేరేకొద్దీ ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి కొమ్ముల్లా లేస్తుంది. ఆ కొమ్ములు కనిపిస్తే నీ గెలాక్సీ పలికినట్టే.

కొమ్ములు కనిపించకపోతే మూడు కారణాలుంటాయి. ఒకటి, బీమ్ చాలక లోపలి వాయువు అటుదీ ఇటుదీ కలిసిపోయి బంతి కట్టిన ఎద్దుల్లాగే వాలు గీతగా మారడం. కేంద్రంలో గీత విపరీతంగా వెడల్పై ఉంటుంది కాబట్టి దీన్ని గుర్తు పట్టొచ్చు. రెండు, కేంద్రంలో వాయువే లేకపోవడం. అప్పుడు కేంద్రం దగ్గర బొమ్మ ఖాళీగా, నడుమ రంధ్రంలా ఉంటుంది. ఏలుబడి మొత్తం ఆ రంధ్రంలో పడిపోతే ఎంత మంచి డేటా అయినా ద్రవ్యరాశికి పైహద్దు మాత్రమే ఇస్తుంది. మూడు, బ్లాక్ హోల్ నువ్వనుకున్నదాని కన్నా చిన్నది కావడం. ఈ మూడింట్లో ఏదో తేల్చుకోకుండా మోడల్‌లోకి దిగావంటే, కంప్యూటర్ ఏదో ఒక అంకె ఇస్తుంది, నువ్వు దాన్ని నమ్ముతావు.

కొమ్ములు ఎంత శుభ్రంగా ఉండగలవో చూడాలంటే ఎన్‌జీసీ 4258 గెలాక్సీ పటం చూడు. అక్కడ 22 గిగాహెర్ట్జ్ దగ్గర నీటి ఆవిరి మేజర్లు, అంటే లేజర్‌లా రేడియో తరంగాలు వెదజల్లే మచ్చలు, కేంద్రానికి పార్సెక్‌లో సుమారు ఎనిమిదో వంతు దూరాన సెకనుకు వెయ్యి కిలోమీటర్ల పైన తిరుగుతున్నాయి. 1995లో వెలువడిన ఆ పటంలో చుక్కలన్నీ కెప్లర్ గీత మీదే, అంటే కేంద్రం నుంచి దూరం పోయేకొద్దీ వేగం తగ్గే గీత మీదే కూర్చున్నాయి, ద్రవ్యరాశి సుమారు 4 కోట్లు. వాయువుతో కట్టిన ద్రవ్యరాశుల్లో నేను కళ్లు మూసుకుని నమ్మేది అదొక్కటే. కాకపోతే అలాంటి మేజర్ పళ్ళేలు చాలా అరుదు.

ప్రతి చోటా వాయువు సగటు వేగాన్ని చూపే వేగపటం కూడా చూడు. వేగం సున్నాగా ఉండే గీత కేంద్రం గుండా తిన్నగా పోవాలి. ఎస్ ఆకారంలో మెలితిరిగితే పళ్ళెం వంకర తిరిగిందని గానీ, వాయువు లోపలికి జారుతోందని గానీ అర్థం. కొద్దిపాటి వంకరైతే వలయం వలయానికి కోణం మారేలా మోడల్ వేసి సర్దుకోవచ్చు.

నక్షత్రాల బరువు దగ్గర చాలామంది తడబడతారు. హబుల్ పరారుణ బొమ్మ తీసుకో, 1.6 మైక్రాన్లది అయితే మేలు, ధూళి అక్కడ తక్కువ అడ్డం పడుతుంది. గౌసియన్‌లను, అంటే గంట ఆకారపు వక్రాలను, పేర్చి వెలుగుకు మోడల్ కట్టు, దాన్ని ద్రవ్యరాశి-వెలుగు నిష్పత్తితో గుణించి నక్షత్రాల వంతు వేగం తీసుకో. మోడల్‌ను డేటాకు సరిపెట్టేటప్పుడు, అంటే ఫిట్ చేసేటప్పుడు, ఆ నిష్పత్తిని స్వేచ్ఛగా వదిలెయ్. ధూళి కేంద్రంలో వెలుగును మింగితే నక్షత్రాలు తక్కువగా కనిపిస్తాయి, ఆ లోటు బ్లాక్ హోల్ ఖాతాలో పడుతుంది. అందుకని మూడు సార్లు చెయ్: ధూళిని పట్టించుకోకుండా ఒకసారి, ధూళి ఉన్న పిక్సెళ్లు కప్పేసి ఒకసారి, ధూళి మింగినదాన్ని తిరిగి కలిపి ఒకసారి. మూడింటి మధ్య తేడాను దాచకు, అదే నీ నిజమైన అనిశ్చితిలో ముఖ్యమైన వాటా.

మోడల్ సంగతి త్వరగా చెబుతాను, దీనికి కిన్‌ఎమ్‌ఎస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. తొమ్మిది చరరాశులతో మొదలుపెట్టు: బ్లాక్ హోల్ ద్రవ్యరాశి, నిష్పత్తి, వాలు, అక్షం దిశ, కేంద్రం రెండు నిర్దేశాంకాలు, గెలాక్సీ వేగం, వాయువు చెదురు, మొత్తం వెలుగు. కేంద్రం దగ్గర ఒక్క పిక్సెల్‌లోనే వేగం వందల కిలోమీటర్లు మారుతుంది కాబట్టి ప్రతి పిక్సెల్‌నూ కనీసం 3 బై 3 ముక్కలు చేసి లెక్క వెయ్యి. మోడల్‌ను బీమ్‌తో కలిపి మసకబార్చాకే డేటాతో పోల్చు. పోలికను క్యూబ్ మొత్తంతో చెయ్, వేగపటంతో చెయ్యకు. కేంద్రంలో గీత రెండు శిఖరాలుగా చీలి ఉంటుంది, సగటు వేగం ఆ చీలికను మింగేస్తుంది.

ఇంకొక తప్పు చూడు, దీన్ని దాదాపు ప్రతి కొత్తవాడూ చేస్తాడు. బీమ్ అడ్డంగా 5 పిక్సెళ్లు ఉంటే దాని వైశాల్యంలో దాదాపు 28 పిక్సెళ్లు పడతాయి. ఆ 28 ఒకే కొలత కిందికి వస్తాయి, విడివిడి కొలతలు కావు. వాటిని విడివిడిగా లెక్కిస్తే నీ పొరపాటు నిజం కన్నా ఐదు రెట్లు తక్కువగా కనిపిస్తుంది. పిక్సెళ్లను బీమ్ అంత గళ్లుగా కలిపి పోల్చు. రాత్రికి మార్కోవ్ గొలుసును, అంటే చరరాశుల విలువలను అడుగడుగునా మార్చి చూసే లెక్కను, నడవబెట్టి పడుకునేటప్పుడు ప్రతి వెయ్యి అడుగులకూ ఫైలులో రాసేలా పెట్టు, మే నెలలో మన ఊళ్లో కరెంటు సంగతి నీకు తెలియనిది కాదు.

ఫిట్ కుదిరాక దాన్ని చెడగొట్టి చూడు. లోపలి సగం డేటా వదిలి ఒకసారి, బయటి సగం వదిలి ఒకసారి, వాయువు చెదురును రెట్టింపు చేసి ఒకసారి. ఏలుబడి లోపలి డేటా తీసేసినా అదే ద్రవ్యరాశి అదే ఖచ్చితత్వంతో వచ్చిందంటే, నీ అంకె బ్లాక్ హోల్ నుంచి రావడం లేదు, నక్షత్రాల మోడల్ నుంచి వస్తోంది.

దూరాన్ని చివర్లో విడిగా పెట్టు. ద్రవ్యరాశి దూరానికి నేరుగా అనులోమం. దూరం పది శాతం తప్పితే ద్రవ్యరాశీ పది శాతం తప్పుతుంది, నీ మోడల్ ఎంత మంచిదైనా. ఎన్‌జీసీ 3258 గెలాక్సీకి 2019లో కట్టిన 225 కోట్లకు ఫిట్‌లోని పొరపాటు ఒక శాతం కూడా లేదు, దూరం వల్ల వచ్చేది 12 శాతం. నీ థీసిస్‌లో కూడా అలాగే మూడు ముక్కలుగా రాయి: ఫిట్ పొరపాటు ఇంత, మోడల్ ఎంపిక వల్ల ఇంత, దూరం వల్ల ఇంత, ఏ దూరానికి కట్టానో అది. అన్నీ కలిపి ఒక్క అంకె రాస్తే రేపు ఎవరైనా మంచి దూరం కొలిచినప్పుడు నీ ద్రవ్యరాశిని సవరించుకునే దారి ఉండదు.

ఏప్రిల్ మధ్యలో రాత్రి పదకొండు గంటలకు డాబా ఎక్కితే ఎం87 మన జిల్లాల్లో దాదాపు నడినెత్తి మీద ఉంటుంది, కన్యారాశిలో. కొత్తపట్నం వైపు సముద్రపు ఒడ్డున, చీకట్లో, చిన్న టెలిస్కోపుతో మసక చుక్కలా దొరుకుతుంది. చూడు, బాగుంటుంది.

ఈ వారంలో ఆల్మా డేటా దాచి ఉంచే ఆర్కైవ్ వెతికి, 20 మెగాపార్సెక్‌ల చుట్టుపక్కల నున్నటి ధూళి పళ్ళెం ఉన్న గెలాక్సీలు మూడు నాలుగు ఎంచి, ఒక్కొక్కదానికీ చెదురు, ఏలుబడి, బీమ్, వాలు, నాలుగు అంకెలు రాసి పంపు. వాటిలో ఒకటి తేల్చుకున్నాక మోడల్ జోలికి పోకుండా ముందు స్థాన-వేగ పటం గీసి పంపించు, ఫోన్లో పెట్టుకుని ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ అమ్మకు, తాతగారికి నా నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య,
ఒంగోలు